లేవడానికి ఆరు రూపాలు

నలభై ఒకటో ఏట నేను స్పానిష్ నేర్చుకున్నాను. సరదాకి నేర్చుకున్నానని ఆఫీసులో చెప్పుకుంటాను గానీ అది పచ్చి అబద్ధం. భయానికి నేర్చుకున్నాను.

రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీలో నాది కాగితాల డెస్కు. ఏ పెట్టెలో ఏ సైజు రొయ్య, ఏ కంటైనర్లో ఎన్ని పెట్టెలు, ఏ ఓడకి ఎక్కించాలి, అవన్నీ రాసి పంపడం నా పని. ఆ డెస్కుకి రాకముందు నాలుగేళ్లు అదే కంపెనీలో గ్రేడింగ్ హాల్లో, రొయ్యల్ని సైజులవారీగా వేరుచేస్తూ నిలబడ్డాను. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, తలకి టోపీ, చేతికింద ఐసు. పొద్దున్న తొమ్మిదికి తిమ్మిరెక్కిన వేళ్లకి సాయంత్రం ఆరు దాటాక గానీ స్పర్శ వచ్చేది కాదు. ఇంటికొచ్చి జడ విప్పుకోవాలన్నా వేళ్లు మాట వినేవి కావు. డెస్కు దొరికిన రోజున కుర్చీని ఒకసారి ముట్టుకుని చూసి మరీ కూర్చున్నాను.

స్పెయిన్ కొనుగోలుదార్లు పెరిగాక మా మేనేజరు మీటింగు పెట్టి, రెండో స్థాయి స్పానిష్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లే ఇక ఆ డెస్కులో ఉంటారని చెప్పాడు. లేనివాళ్లేమవుతారని ఎవరో అడిగితే, ప్లాంటులో ఎప్పుడూ మనుషులు కావాల్సిందేగా అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నా వేళ్లు మాత్రం అక్కడే, ఆ ఏసీ గదిలోనే చల్లబడ్డాయి.

హైదరాబాద్ నుంచి ఒకమ్మాయి ఆన్‌లైన్లో పాఠాలు చెప్పేది. నాకంటే పదిహేనేళ్లు చిన్నది, చాలా ఓపిక. పలకరింపులు, అంకెలు, రంగులు దాటేవరకూ నా బండి బాగానే నడిచింది. ఆ తర్వాత దినచర్య పాఠం వచ్చింది. పొద్దున్న లేవడం, స్నానం చేయడం, తల దువ్వుకోవడం, పడుకోవడం. స్పానిష్ వాళ్లు వీటన్నిటికీ క్రియ ముందు ఒక చిన్న మాట తగిలిస్తారు. ఎవరు చేస్తే వాళ్లకి తగిన మాట. మే లెవాంతో అంటే నేను లేస్తాను. తే లెవాంతాస్, నువ్వు లేస్తావు. సే లెవాంతా, ఆవిడ లేస్తుంది. నోస్ లెవాంతామోస్, మనం లేస్తాం. ఓస్ లెవాంతాయిస్, మీరందరూ లేస్తారు. సే లెవాంతాన్, వాళ్లు లేస్తారు.

"మనకీ ఉందిగా మేడమ్. కడుక్కోవడం, దువ్వుకోవడం అంటాం కదా, ఆ కో లాంటిదే" అంది టీచరమ్మాయి.

దువ్వుకోవడం, కడుక్కోవడం నాకు అర్థమయ్యాయి. లేవడమే మింగుడు పడలేదు. మనం ఊరికే లేస్తాం. వాళ్లు మాత్రం బస్తాని ఎత్తినట్టు తమని తాము ఎత్తుకుంటారట. పొద్దున్నే ఎవర్ని వాళ్లే ఎత్తుకోవడమేమిటని అడిగితే, ఆ అమ్మాయి నవ్వి, అలా గుర్తుపెట్టుకోండి చాలు అంది.

నేను ఎక్కాల పద్ధతిలో గుర్తుపెట్టుకున్నాను. చిన్నప్పుడు స్టీలు ప్లాంటు టౌన్‌షిప్పు బడిలో ఎక్కాలు రాగం తీసి చదివించేవారు. మధ్యలో తప్పితే ఒకటి దగ్గర్నుంచి మళ్లీ మొదలు. ఇప్పటికీ ఏడెనిమిదులు ఎంతని అడిగితే నేను లోపల ఏడొకట్ల ఏడు నుంచి ఎక్కి రావాల్సిందే. స్పానిష్ కూడా అలాగే పట్టుకుంది. ఆవిడ లేస్తుంది అని చెప్పాలంటే మే, తే, సే అని మెట్లెక్కాలి. ఎక్కుతుండగా ఎవరైనా పలకరిస్తే కిందకి జారి మళ్లీ మే.

ఈ పారాయణమంతా వంటింట్లో, మా అత్తగారి ముందు జరిగేది.

ఆవిడ గురించి చెప్పాలి. మా నాన్న స్టీలు ప్లాంటు ఉద్యోగానికి గోదావరి వైపు నుంచి వచ్చినవాడు. మా ఆయనది భీమిలి దగ్గర చేపలవాళ్ల ఊరు, ఆయన పోర్టులో క్రేన్ ఆపరేటరు. మాది ఇష్టపడి చేసుకున్న పెళ్లి. రెండిళ్లలోనూ అన్నాలు మానేశారు. తర్వాత మా వాళ్లు తిన్నారు, ఆవిడా తింది గానీ రెండేళ్లు నాతో మాట్లాడలేదు. మల్కాపురంలో మా ఇంటికి వచ్చి ఉంటున్నప్పుడు కూడా, ఉప్పు కావాలంటే కొడుకుని పిలిచి అడిగేది. మూడో ఏడు నేను వండిన చేపల పులుసు నోట్లో పెట్టుకుని, "దీన్ని పులుసంతారేటి మీ గోదారోళ్లు?" అంది. అదే మొదటి మాట. ఆ తిట్టుకి నాకు ఏడుపు, నవ్వు రెండూ వచ్చాయి.

ఆవిడ చేపలు కడుగుతుంటే నేను పక్కన అంట్లు తోముతూ మే తే సే అనుకునేదాన్ని.

"ఏటే ఆ మంత్రం? ఎవుల్ని కట్టడి సేత్తన్నావ్?"

"స్పానిష్ అత్తయ్యగారూ. లేవడం నేర్చుకుంటున్నాను."

"నలబయ్యేళ్లొచ్చి ఇప్పుడు లెగడం నేర్సుకుంతన్నావా? ఓలమ్మో. నాను నాలుగ్గంటలకే లెగుత్తాను, ఏ బాసా లేకండా."

ఎగతాళి చేసిందే గానీ, వారం తిరక్కుండా ఆవిడకే నోటికొచ్చేసింది. పొద్దున్న నన్ను లేపడానికి వచ్చి, "లెవాంతో, లెవాంతో" అని దుప్పటి లాగేది. క్రియ తప్పు, మనిషి తప్పు, పని మాత్రం జరిగేది.

ఇక పరీక్ష. ఇంట్లోనే, కంప్యూటర్ ముందు కూర్చుని, స్పెయిన్లో ఉన్న ఒకావిడతో నలభై నిమిషాలు మాట్లాడాలి. నియమాలు రెండు పేజీలు పంపారు. గది తలుపు లోపల గడియ వేసి ఉండాలి. కర్టెన్ మూసి ఉండాలి. ఫోను ఆపేయాలి. వేరే మనిషి గదిలోకి వచ్చినా, నేను కుర్చీలోంచి లేచినా పరీక్ష రద్దు. ఆ వాక్యం ముదురు అక్షరాల్లో ఉంది. అది చదివిన దగ్గర్నుంచి రోజూ ఒకటే లెక్కలు. ఎక్కడైనా దగ్గొస్తే? కరెంటు పోతే? కుక్క అరిస్తే?

అన్నిటికంటే సైరను. మా ఇంటి వెనక ఫ్యాక్టరీ ప్రహరీ, గోడ అవతల ఆకాశంలోకి ఒక గొట్టం, దాని కొసన రాత్రీ పగలూ మంట. ప్రతి బుధవారం పొద్దున్న పదింటికి సైరన్ పనిచేస్తోందో లేదో చూడటానికి మోగిస్తారు. ఒకే తీరున, సాఫీగా, ఒక్క నిమిషం. దానికి మా వీధిలో ఎవరూ తలెత్తరు, కుక్కరు ఎక్కించడానికి గుర్తు అంతే. ఆ సైరనే వేరే రోజు మోగినా, పైకీ కిందకీ ఊగుతూ మోగినా అది వేరే సంగతి. అందుకే మా వీధిలో ప్రతి గుమ్మం పక్కనా ఒక బకెట్టు నీళ్లు, దాని అంచు మీద తువ్వాలు ఉంటాయి. ఊగే సైరన్ వినబడితే తువ్వాలు తడిపి ముక్కుకి కట్టుకోవాలి, బయటికొచ్చి గొట్టం మీది మంట ఎటు వంగిందో చూడాలి, గాలికి అడ్డంగా పెద్ద రోడ్డు వైపు నడవాలి. పిల్లలకి అ ఆలతో పాటే ఇదీ చెబుతాం. ఈ ఊళ్లో గాలికి భయపడటం ఎవరికీ కొత్తగా నేర్పక్కర్లేదు.

కాబట్టి నేను తెలివిగా బుధవారం వదిలేసి గురువారం మధ్యాహ్నం రెండున్నరకి పరీక్ష తీసుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

అత్తగారు రెండ్రోజులు భీమిలిలో చెల్లెలింటికి వెళ్లి ఆ గురువారం పొద్దున్న బస్సుకే తిరిగొచ్చారు. మా ఆయన మధ్యాహ్నం షిఫ్టుకి వెళ్లిపోయాడు. అన్నం తిన్నాక ఆవిడకి గట్టిగా చెప్పాను.

"అత్తయ్యగారూ, నేను గదిలో ఉన్నంతసేపూ తలుపు కొట్టకండి. ఎవరొచ్చినా, ఏం జరిగినా సరే. కొట్టారంటే నా ఉద్యోగం పోతుంది. మళ్లీ ఐసులో నిలబడాలి."

ఆవిడ నా చేతివేళ్ల వంక చూసింది. "కొట్టన్లే. పో, బాగా సెప్పు" అంది.

స్క్రీన్ మీద కనిపించినావిడకి యాభై ఏళ్లుంటాయి. నెరిసిన పొట్టి జుట్టు, మంచి మొహం. కంప్యూటర్ ఎత్తి గది నాలుగు మూలలూ చూపించమంది, గడియ చూపించమంది. చూపించాను. పేరు, ఊరు, వాతావరణం అయ్యాయి. ఏం పనిచేస్తానో చెప్పాను. రొయ్యల మాట వినగానే ఆవిడ నవ్వింది. ఆ నవ్వుకి కాస్త ఊపిరాడింది.

"మీరు ఎన్నింటికి లేస్తారు?" అని అడిగింది.

మే లెవాంతో ఆ లాస్ సింకో. ఐదింటికి లేస్తాను. నోరు తిరిగింది.

అప్పుడు సైరన్ మోగింది.

మొదటి క్షణం కుక్కరు గుర్తొచ్చింది. రెండో క్షణం ఇవాళ గురువారమని గుర్తొచ్చింది. మూడో క్షణానికి ఆ మోత పైకి లేచింది, కిందకి జారింది, మళ్లీ లేచింది. వీధిలో తలుపుల చప్పుళ్లు, చెప్పుల చప్పుళ్లు, ఎవరో పిల్లల్ని కేకేయడం వినిపించాయి. కర్టెన్ మూసి ఉంది. మంట ఎటు వంగిందో చూడాలంటే లేచి నాలుగడుగులు వేయాలి. లేస్తే పరీక్ష రద్దు. రోజూ వచ్చే ఫ్యాక్టరీ వాసనే ఆ క్షణంలో ముక్కుకి కొత్తగా, ఘాటుగా తగిలింది. నిజంగా తగిలిందో, భయానికి అలా అనిపించిందో ఇప్పటికీ చెప్పలేను.

స్క్రీన్ మీదావిడ చెవి రిక్కించింది. ఏమిటా చప్పుడు, అంతా బాగానే ఉందా అని అడిగింది. నెమ్మదిగా, నాకు అర్థమయ్యేట్టు అడిగింది. నిజం చెబితే వెళ్లమనేదేమో. ఇంకో తేదీ ఇచ్చేదేమో. నాకు ఆ మాటలు స్పానిష్‌లో రావు, ఇంగ్లీషులో వచ్చు. ఇంగ్లీషు కూడా ఆ సమయానికి రాలేదు. ముదురు అక్షరాల వాక్యం ఒక్కటే కళ్ల ముందుంది.

"నో ఎస్ నాదా" అన్నాను. ఏమీ లేదు.

నా జీవితంలో నేను తప్పు లేకుండా పలికిన మొదటి స్పానిష్ వాక్యం అదే కావచ్చు.

గది బయట అడుగుల చప్పుడు వినబడింది. వంటింటి నుంచి గుమ్మం దాకా, గుమ్మం నుంచి నా గది దాకా. అడుగులు తలుపు దగ్గర ఆగాయి. కొట్టకూడదు, కొట్టకూడదు అనుకున్నాను. నేను ఏం కోరుకున్నానో దాచడం ఎందుకు? ఆవిడ తలుపు కొట్టకూడదనే కోరుకున్నాను. ఆవిడ కొట్టలేదు. అడుగులు వెనక్కి వెళ్లాయి. బకెట్టు చప్పుడైంది. ఆ తర్వాత సైరన్ మోతలో ఏమీ వినబడలేదు. వీధిలో వాళ్లతో వెళ్లిపోయుంటుందిలే అనుకున్నాను. అనుకోవడం చాలా సులువు. ఆవిడకి డెబ్బై దాటాయని, ఒక్కర్తీ పెద్ద రోడ్డు దాకా నడిచే ఓపిక లేదని నాకు తెలుసు. తెలిసి కూడా అనుకున్నాను.

"మీ ఇంట్లో అందరికంటే ముందు ఎవరు లేస్తారు?"

మా అత్తగారు. మాట వచ్చింది, క్రియ రాలేదు. మే దగ్గర్నుంచి ఎక్కడం మొదలుపెట్టాను. మే, తే. సైరన్ కిందకి జారింది, నేనూ జారాను. మళ్లీ మే. నేను లేస్తాను. లేవడం లేదు. నువ్వు లేస్తావు. మళ్లీ మే. నా తొడలు కుర్చీకి అంటుకుపోయాయి, చెమటకి చీర తడిసిపోయింది, రెండు చేతులూ బల్ల మీద కనబడేలా పెట్టుకుని కదలకుండా కూర్చుని, లేవడానికున్న ఆరు రూపాలూ లోపల ఎక్కుతున్నాను, దిగుతున్నాను. నన్ను నేను ఎత్తుకోవాలి, అంతే కదా. బస్తాకున్న పాటి బరువు కూడా లేని మనిషిని. ఎత్తలేకపోయాను. గాలిలో ఏదైనా ఉంటే ఈపాటికి లోపలికి వచ్చేసి ఉంటుందని, ఈ వాక్యం పూర్తయ్యేలోపు పడిపోతానని నిజంగానే అనుకున్నాను. చచ్చిపోతానన్న భయం కంటే ఐసులోకి తిరిగి వెళ్తానన్న భయం పెద్దదని ఆ రోజు దాకా నాకు తెలియదు.

"మి స్వేగ్రా సే లెవాంతా ఆ లాస్ క్వాత్రో" అన్నాను చివరికి. మా అత్తగారు నాలుగింటికి లేస్తారు.

"చాలా బాగుంది" అంది స్క్రీన్ మీదావిడ.

సైరన్ ఎప్పుడు ఆగిందో గమనించలేదు. ఇంకా ఏవేవో అడిగింది, ఏవేవో చెప్పాను. సెలవులు, బట్టలు, బజారు. ఆవిడ చెయ్యి ఊపి మాయమైపోయాక కూడా కాసేపు కుర్చీలోనే ఉండిపోయాను. తర్వాత లేచాను. ముందు కర్టెన్ తీశాను. మంట నిటారుగా, ప్రశాంతంగా ఉంది. కాకులు గోడ మీదే ఉన్నాయి. గడియ తీశాను.

తలుపు లోపలికి లాగగానే ఒక బరువు నా కాళ్ల మీదకి వాలింది. మా అత్తగారు. గడపకి అడ్డంగా, తలుపుకి వీపు ఆనించి నేల మీద కూర్చున్నట్టుంది. ముక్కుకి, నోటికి తడి తువ్వాలు కట్టుకుని ఉంది. పక్కన బకెట్టు. తలుపు కింది సందులో ఇంకో తడి తువ్వాలు కుక్కి ఉంది. ఒళ్లో మూడోది పిండి, మడత పెట్టి ఉంది. అది నాకని అడక్కుండానే తెలిసింది.

"అయ్యిందేటి?" అంది తువ్వాలు కిందకి లాగి.

"మీరు వెళ్లలేదేంటి అత్తయ్యగారూ? సైరన్ వినబడలేదా?"

"ఇనబడకేటి, సెవుడా నాకు? ఈదంతా కాళీ అయిపోనాది."

"మరి తలుపు కొట్టచ్చు కదా!"

"నువ్వే కదేటి కొట్టొద్దన్నావు. ఉజ్జోగం పోద్దన్నావు." కోపంగానే అంది. "మరి నిన్నొగ్గీసి నానెక్కడికెల్తాను?"

నేను ఆవిడ పక్కన కూలబడిపోయాను. ఆవిడ ఒళ్లోని తడి తువ్వాలు తీసి నా మొహం తుడిచింది.

పక్కింటావిడ వీధి గుమ్మంలోంచి తొంగి చూసింది. రెండు చేతుల్లో రెండు పొట్లాలు. "ఏటి ఒదినా, రాలేదేటి మీరు? డ్రిల్లు కదా. నిన్న సాయంత్రం ఆటోలో మైకెట్టి సెప్పేరు, గ్రూపులో కూడా ఎట్టేరు. పులిహోర, మజ్జిగ ఇచ్చేరు. మీకూ అట్టుకొచ్చేను."

నిన్న సాయంత్రం నేను చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, గ్రూపు వంకైనా చూడకుండా మే తే సే అనుకుంటున్నాను. అత్తగారు భీమిలిలో, మా ఆయన షిఫ్టులో ఉన్నారు. మా వీధి మొత్తంలో ఆ సైరన్ నిజమని నమ్మింది మా ఇంట్లో ఇద్దరమే. ఒకర్తి గడియ లోపల, ఒకర్తి బయట. నాటకమని నాకు తెలియదు, ఆవిడకీ తెలియదు. నిజంగా విషం వస్తోందనుకునే ఆవిడ ఆ సందులో తువ్వాలు కుక్కింది.

"డిరిల్లేటి!" అంది అత్తగారు. కాసేపు పక్కింటావిడని, కాసేపు గొట్టాన్ని, చివరికి నన్ను తిట్టింది. పులిహోరలో ఉప్పు లేదని కూడా తిట్టింది. మూడు వారాలకి సర్టిఫికెట్ వచ్చింది, డెస్కు నాకే ఉంది. ఆవిడ వీధంతా తిరిగి చెప్పుకుంది. స్క్రీన్ మీదావిడ ఏమిటా చప్పుడని అడిగినప్పుడు నేనేమన్నానో మాత్రం అత్తగారికి ఇప్పటికీ చెప్పలేదు. చెబితే తిడుతుందని కాదు. తిట్టకుండా నా వేళ్ల వంక చూస్తుందేమోనని భయం.

ఆ మధ్యాహ్నం పక్కింటావిడ వెళ్లిపోయాక అత్తగారు గోడ పట్టుకుని లేవబోయి, లేవలేక, మళ్లీ కూర్చుండిపోయింది. అరగంటకి పైగా ఆ చల్లటి గచ్చు మీద కూర్చుంది మరి.

"మోకాళ్లు పట్టీసినాయే" అంది చెయ్యి చాస్తూ. "నా అంతట నాను లెగలేను. లేపు."

ఆవిడ చంకల కింద రెండు చేతులూ వేసి, నా బలమంతా పెట్టి లేపాను.